12 మిల్లీమీటర్ల దారిలో 15 సెంటీమీటర్ల జాలీ

హెర్నియా ఆపరేషన్‌లో మెష్ లోపలికి ఎలా వెళ్తుంది, దేనితో నిలుస్తుంది, బిల్లులో ఏది ఎందుకు పడుతుంది? అంకెలతో ఒక వివరణ.

విజయవాడ సూర్యారావుపేటలో హెర్నియా ఆపరేషన్‌కి ఖర్చెంతని అడిగితే, రాసిచ్చే చీటీలో సాధారణంగా మూడు మాటలుంటాయి: ల్యాప్, మెష్, ట్యాకర్. ల్యాప్ అంటే చిన్న రంధ్రాల ఆపరేషన్ అని ఇప్పుడు పల్లెల్లోనూ తెలుసు. మెష్ అంటే జాలీ. ట్యాకర్ ఏమిటని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ఆ జాలీని పొట్ట గోడకు లోపలి నుంచి బిగించే పరికరమది. ఒకసారి వాడి పారేస్తారు. ధర వేలల్లో ఉంటుంది. అది కావాలా, అక్కర్లేదా, కావాలంటే ఎన్ని అన్నది రెండు విషయాలు తేలుస్తాయి. హెర్నియా ఎక్కడుంది? రంధ్రం ఎన్ని సెంటీమీటర్లు?

గిలకా, బుడ్డా?

పొట్ట గోడలో కండ పలచబడిన చోట రంధ్రం ఏర్పడి, అందులోంచి కొవ్వో పేగో బయటికి తోసుకురావడమే హెర్నియా. మన వైపు గిలక అంటారు. పొట్ట గోడ హెర్నియాల్లో 75 శాతం దాకా గజ్జల్లోనే వస్తాయి. జీవితకాలంలో గజ్జ హెర్నియా వచ్చే అవకాశం మగవాళ్లలో 27 శాతం, ఆడవాళ్లలో 3 శాతం. ప్రపంచం మొత్తం మీద ఏటా 2 కోట్లకు పైగా గజ్జ హెర్నియా ఆపరేషన్లు జరుగుతున్నాయి.

బుడ్డను కూడా తెచ్చే బోదకాలు చాలాకాలం వేధించిన డెల్టాలో ఇంకో తికమక ఉంది. వృషణాల దగ్గర వాపు కనిపిస్తే బుడ్డ అనుకుని ఊరుకునేవాళ్లు ఎక్కువ. డాక్టరు తేడా చూసే పద్ధతి తేలికే. పడుకుంటే లోపలికి జారిపోయి, నిలబడి దగ్గితే వేళ్లకు తన్నే వాపు హెర్నియా. వాపు పైఅంచు చేతికి అందుతూ, వెనక టార్చిలైటు పెడితే ఎర్రగా వెలిగేది బుడ్డ. అందులో ఉండేది నీరు కాబట్టి వెలుతురు దాటుతుంది. అనుమానం మిగిలితే అల్ట్రాసౌండ్ తీస్తారు.

ఆడవాళ్లకు 3 శాతమే అన్నది గజ్జల సంగతి. పొట్ట మీద పాత కుట్టు తెరుచుకుని వచ్చే హెర్నియా వేరు. పొట్టను మధ్య గీతలో నిలువుగా కోసిన ఆపరేషన్ల తర్వాత నూటికి 10 నుంచి 15 మందికి అది రావచ్చు. అడ్డకోత మీద అంతకన్నా తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో పొట్ట కోతలు తక్కువేమీ కాదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 8.9 శాతం మందికి గర్భసంచి తీసేశారు. దేశ సగటు 3.2. 2019–21 సర్వేలో రాష్ట్రంలో సిజేరియన్ కాన్పులు 42.4 శాతం, దేశంలో 21.5. కుట్టు హెర్నియా గురించి ఇక్కడి ఇళ్లలో ఎక్కువ తెలిసి ఉండాలి.

దగ్గు ఎంత బలంగా తోస్తుంది?

పొట్టలో ఒత్తిడిని కూడా రక్తపోటులాగే పాదరసం మిల్లీమీటర్లలో కొలుస్తారు. 2005లో అమెరికాలో 20 మంది ఆరోగ్యవంతులైన యువతీయువకుల మీద కొలిచినప్పుడు సగటున తేలినవివి: ఊరికే నిలబడితే 20, నిలబడి దగ్గితే 107, ఉన్నచోటే గెంతితే 171. నాలుగున్నర కిలోల బరువు ఎత్తినా ఒత్తిడి దగ్గినంతగా పెరగలేదు. 75 కిలోల ధాన్యం బస్తా మోసే హమాలీ సంగతి వేరనుకోండి. అయినా, రోజూ చుట్ట కాల్చి రాత్రంతా దగ్గే మనిషి పొట్ట గోడకు విశ్రాంతి ఎక్కడిది? ఆపరేషన్‌కి ముందే చుట్టా బీడీ మానమని సర్జన్లు పట్టుబట్టడానికి ఇదొక కారణం. పొగ వల్ల గాయం మానడం కూడా ఆలస్యమవుతుంది.

లెక్క సులువుగా ఉండటానికి ఒత్తిడి 150 అనుకుందాం. అంటే చదరపు సెంటీమీటరు మీద సుమారు 200 గ్రాముల తోపు. గుండ్రటి రంధ్రం మీద అది ఇలా పడుతుంది:

3 సెంటీమీటర్ల రంధ్రం: వైశాల్యం 7 చదరపు సెంటీమీటర్లు, తోపు సుమారు 1.4 కిలోలు.
6 సెంటీమీటర్ల రంధ్రం: వైశాల్యం 28, తోపు సుమారు 5.7 కిలోలు.
10 సెంటీమీటర్ల రంధ్రం: వైశాల్యం 79, తోపు దాదాపు 16 కిలోలు.

అడ్డుకొలత రెండింతలైతే తోపు నాలుగింతలు. చిన్నగా ఉన్నప్పుడు చేయించుకోమని డాక్టర్లు చెప్పేది భయపెట్టడానికి కాదని ఈ మూడు వరసలు చూస్తే తెలుస్తుంది.

కుట్టు నుంచి జాలీ దాకా

ఇటలీలోని పాడువాలో ఎడోవార్డో బస్సీని 1884లో మొదలుపెట్టిన పద్ధతిలో కండను కండకు లాగి కుట్టేవారు. లాగి కుట్టిన కండ మళ్లీ విడిపోవాలని చూస్తుంది. 1954లో జూలియో నట్టా బృందం పాలీప్రొపిలీన్ తయారు చేసింది. ప్లాస్టిక్ దారంతో అల్లిన జాలీని హ్యూస్టన్ సర్జన్ ఫ్రాన్సిస్ అషర్ 1958లో హెర్నియాకు వాడి చూపించారు. లాగకుండా, ఖాళీ మీద జాలీ పరిచి కుట్టే పద్ధతిని లాస్ ఏంజిలిస్‌లో ఇర్వింగ్ లిక్టెన్‌స్టైన్ 1984 నుంచి నిలబెట్టారు. ఇప్పటికీ ఓపెన్ ఆపరేషన్ అంటే ఎక్కువగా అదే.

ఫలితం ఎంత? గజ్జ హెర్నియాలో 46 మందికి వట్టి కుట్టు బదులు మెష్ వేస్తే, వారిలో ఒకరికి హెర్నియా తిరగబెట్టకుండా ఆగుతుందని 2018 కాక్రేన్ సమీక్ష లెక్కగట్టింది. పొట్ట మీద కుట్టు హెర్నియాలో తేడా ఇంకా పెద్దది. నెదర్లాండ్స్‌లో జరిగిన పరీక్షలో మూడేళ్లకు వట్టి కుట్టు వేసినవాళ్లలో 43 శాతం మందికి, మెష్ వేసినవాళ్లలో 24 శాతం మందికి తిరగబెట్టింది. పదేళ్లకు అవే అంకెలు 63, 32 అయ్యాయి. మెష్ వేసినా ముగ్గురిలో ఒకరికి మళ్లీ వచ్చిందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

జాలీని గోడకు ఏ వైపు పరుస్తారన్నది ముఖ్యం. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకు గండ్లు పడినప్పుడు, ఇనుప వల బుట్టల్లో రాళ్లు నింపి పూడ్చడం బెజవాడంతా టీవీల్లో చూసింది. గట్టుకు నీటి వైపు అడ్డు వేస్తే ఆ నీరే దాన్ని గట్టుకు అదిమిపెడుతుంది, అవతలి వైపు వేస్తే తోసేస్తుంది. ల్యాప్ పద్ధతిలో జాలీ కండకు లోపలి వైపున పడుతుంది కాబట్టి దగ్గినప్పుడల్లా పొట్ట ఒత్తిడే దాన్ని గోడకు నొక్కుతుంది.

లోపలికి వెళ్లేదిలా

ముందు పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు. ఒత్తిడి పాదరసం 12 నుంచి 15 మిల్లీమీటర్ల మధ్య ఉంచుతారు. బొడ్డు దగ్గర 10 లేదా 12 మిల్లీమీటర్ల ట్రోకార్, మరో రెండు 5 మిల్లీమీటర్లవి. ట్రోకార్ అంటే పరికరాలు వెళ్లి వచ్చే గొట్టం. గ్యాసు బయటికి పోకుండా అందులో కవాటం ఉంటుంది.

గజ్జ హెర్నియాకు వేసే జాలీ కనీసం 15 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు. దాన్ని పొడుగ్గా చుట్ట చుట్టి, పట్టకారుతో పట్టుకుని పెద్ద గొట్టంలోంచి లోపలికి దింపుతారు. అక్కడ చుట్ట విప్పి, మడత లేకుండా, రంధ్రం దాటి అన్ని వైపులా కప్పేలా పరుస్తారు. అంచు మడతపడితే మళ్లీ పేగు దూరడానికి అదే దారి. టీవీ తెర మీద చూస్తూ, రెండు సన్నటి కడ్డీలతో ఈ పని చేయడానికి చేయి కుదరాలి. ఈ ఆపరేషన్ పట్టుబడటానికి 50 నుంచి 100 కేసులు పడుతుందని 2018 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ట్యాకర్ లెక్క

ట్యాకర్ చూడటానికి పొడవాటి పిస్తోలులా ఉంటుంది. కడ్డీ లావు 5 మిల్లీమీటర్లు. లోపల వరసగా మేకులుంటాయి, రకాన్ని బట్టి 15 నుంచి 30 దాకా. మీట నొక్కినప్పుడల్లా ఒక్కొక్కటి జాలీని గుచ్చుకుంటూ గోడలోకి దిగుతుంది. టైటానియం మేకు స్ప్రింగులా మెలితిరిగి, 4 మిల్లీమీటర్ల లోపు పొడవుంటుంది. జీవితాంతం లోపలే ఉండిపోతుంది. కరిగిపోయే రకం కాస్త పొడవు, సుమారు ఏడాదికి కరుగుతుంది.

గజ్జల్లో కొన్నిచోట్ల మేకు కొట్టనే కూడదు. ఒకచోట కాలికి వెళ్లే పెద్ద రక్తనాళాలు, పక్కనే తొడకు వెళ్లే నరాలు. సర్జన్లు మొదటిదాన్ని మృత్యు త్రికోణమనీ, రెండోదాన్ని నొప్పి త్రికోణమనీ అంటారు. ఇక డయాఫ్రం దగ్గర కొట్టిన మేకులు గుండె పొరకు తగిలిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. గజ్జ ఆపరేషన్ ఏ పద్ధతిలో చేసినా నూటికి 10 నుంచి 12 మందికి నెలల తరబడి నొప్పి ఉంటుంది. అక్కర్లేని మేకు కొట్టి దాన్ని పెంచుకోవడం దేనికి? 2018 మార్గదర్శకాల మాట కూడా ఇదే. చాలావరకు గజ్జ హెర్నియాల్లో, 15 బై 10 జాలీ సరిగ్గా పరిస్తే, అసలు బిగించనక్కర్లేదు. మధ్య వైపు 3 సెంటీమీటర్లు దాటిన పెద్ద రంధ్రాలకు మాత్రం బిగించాలి.

పొట్ట మీది హెర్నియాకు లోపలి నుంచి జాలీ వేస్తే సంగతి వేరు. రంధ్రం దాటి అన్ని వైపులా కనీసం 5 సెంటీమీటర్లు కప్పాలి. అంటే 3 సెంటీమీటర్ల రంధ్రానికి 13 సెంటీమీటర్ల గుండ్రటి జాలీ. చుట్టుకొలత 41 సెంటీమీటర్లు. 2 సెంటీమీటర్లకొకటి చొప్పున బయటి వరసకు 20 మేకులు, రంధ్రం చుట్టూ లోపలి వరసకు మరో 8. మొత్తం 28, ఒక ట్యాకర్‌తో సరిపోతుంది. అదే 6 సెంటీమీటర్ల రంధ్రమైతే జాలీ 16, మేకులు 25కి మరో 12. రెండో ట్యాకర్ విప్పాల్సిందే, బిల్లు పెరగాల్సిందే. ఇలాంటి చోట పెద్ద రంధ్రాన్ని ముందు కుట్టేసి, జాలీ మూలల్ని దారాలతో కట్టి ఖర్చు తగ్గించే సర్జన్లూ ఉన్నారు. పేగులకు తగిలే జాలీకి మామూలు పాలీప్రొపిలీన్ పనికిరాదు, అది పేగుకు అతుక్కుంటుంది. ఒక వైపు అతుక్కోని పూత ఉన్న కాంపోజిట్ మెష్ కావాలి. దాని ధర మామూలు జాలీకి చాలా రెట్లు.

దోమతెర చెప్పిన పాఠం

జాలీ ఖరీదైతేనే మంచిదా? మహారాష్ట్రలోని దొండాయిచా సర్జన్ రవీంద్రనాథ్ టోంగావ్‌కర్ బృందం దోమతెర గుడ్డను శుద్ధి చేసి హెర్నియాకు వాడిన ఫలితాలను 2003లో ప్రకటించింది. తర్వాత ఉగాండాలో 302 మంది మగవాళ్ల మీద కంపెనీ మెష్‌కూ దోమతెర మెష్‌కూ పోటీ పెట్టి చూశారు. ఏడాది తిరిగేసరికి దోమతెర వైపు ఒకరికి తిరగబెట్టింది, కంపెనీ వైపు ఎవరికీ లేదు. ఇతర ఇబ్బందులు రెండు వైపులా నూటికి సుమారు 30 చొప్పున దాదాపు సమానం. 2016లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ దీన్ని అచ్చువేసింది. అలాగని బజారు తెర కత్తిరించి వాడకూడదు. ఏ ప్లాస్టిక్, ఎంత వేడిలో శుద్ధి చేశారన్నవి తేలాలి. మన దేశంలో 2023 అక్టోబరు 1 నుంచి ఎక్కువ రిస్కు ఉన్న సి, డి తరగతుల వైద్య పరికరాలకు లైసెన్సు తప్పనిసరి.

ఎప్పుడు ఆగొచ్చు, ఏమి అడగాలి?

ఇబ్బంది పెట్టని గజ్జ హెర్నియా ఉన్న 720 మంది మగవాళ్ల మీద ఉత్తర అమెరికాలో జరిగిన పరీక్షలో, ఆగి చూసినవాళ్లలో పేగు ఇరుక్కున్నది వెయ్యి మందికి ఏడాదికి ఇద్దరి లోపే. కానీ పదేళ్లలో ఆ ఆగినవాళ్లలోనే 68 శాతం మంది, ఎక్కువగా నొప్పి వల్లే, ఆపరేషన్‌కి వచ్చేశారు. కాబట్టి మగవాళ్లు తొందరపడక తేదీ చూసుకుని చేయించుకోవచ్చు. వాపు లోపలికి వెళ్లక గట్టిపడి, నొప్పి, వాంతులు వస్తే మాత్రం ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆడవాళ్ల గజ్జ హెర్నియాలో ఇరుక్కునే ప్రమాదం ఎక్కువ, అక్కడ ఆగడం మంచిది కాదు.

చీటీ చేతికొచ్చాక అడగాల్సినవి ఐదు:

1. రంధ్రం ఎన్ని సెంటీమీటర్లు?
2. జాలీ సైజు ఎంత, మామూలుదా కాంపోజిటా?
3. ట్యాకర్ వాడతారా? గజ్జ హెర్నియా అయితే ఎందుకు?
4. ఈ పద్ధతిలో మీరు ఎన్ని చేశారు?
5. మెష్, ట్యాకర్ ప్యాకేజీలోనే ఉన్నాయా? 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకం కింద చేరితే, ఈ మాట ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తేల్చుకోండి.

డిశ్చార్జి రోజున మెష్ డబ్బా మీది లాట్ నంబరు స్టిక్కరు కేసు షీటుతో పాటు మీ కాగితాల్లోనూ అంటించమనండి. పదేళ్ల తర్వాత నొప్పి వచ్చినా, మళ్లీ ఆపరేషన్ అవసరమైనా, లోపల ఏముందో కొత్త సర్జన్‌కు ముందుగా చెప్పేది ఆ కాగితమే.