నిధులు బడికి, చక్కెర ఎవరికి?

డాలస్ దగ్గర మా అక్క వాళ్ళింటికి వెళ్ళినప్పుడు భోజనాల బల్ల మీద ఒక అట్టపెట్టె కనిపించింది. పైన పట్టుకోవడానికి పిడి, లోపల వరసలుగా పేర్చిన చాక్లెట్ బార్లు. నాలుగో తరగతి చదివే మా మేనల్లుడు వాటిని అమ్మాలి. వచ్చిన దాంట్లో బడి వాటాతో లైబ్రరీకి పుస్తకాలు కొంటారట. "మామయ్యా, నువ్వూ కొనవా?" అంటే రెండు డాలర్లిచ్చి రెండు కొన్నాను. బావగారు ఓ పది ఆఫీసుకు పట్టుకెళ్ళారు. వీధిలో ఉన్న మిగతా తెలుగువాళ్ళను అడుగుదామంటే వాళ్ళ పిల్లల దగ్గరా ఇవే పెట్టెలు. చివరికి మిగిలిపోయిన వాటికి అక్కే డబ్బు కట్టేసింది. ఆ నెలంతా వాటిని తిన్నది మా మేనల్లుడూ, వాడి చెల్లెలూ.

అమెరికా బడుల్లో ఇది చాలా కాలంగా ఉన్న అలవాటు. ప్రభుత్వ సొమ్ము చాలని చోట తల్లిదండ్రుల సంఘాలు చాక్లెట్లు, డోనట్లు, కుకీలు, ఇళ్ళలో చేసిన కేకులు అమ్మి నిధులు కూడబెడతాయి. ఉద్దేశం మంచిదే. కానీ ఆ పెట్టె లోపల ఏముందో ఒకసారి లెక్క కట్టి చూడాలి.

ఒక పెట్టె, కిలో పైగా చక్కెర

పాల చాక్లెట్‌లో ఇంచుమించు సగం బరువు చక్కెరే. 40 గ్రాముల బార్ అంటే సుమారు 20 గ్రాముల చక్కెర. పెట్టెలో 60 బార్లు ఉన్నాయనుకుంటే కిలో 200 గ్రాములు. ఒక్కోటి డాలరుకు అమ్మితే 60 డాలర్లు వస్తాయి. ఇలాంటి అమ్మకాల్లో బడికి మిగిలేది సాధారణంగా సగం, ఆ లోపు. అంటే బడికి 30 డాలర్లు రావడానికి ఒక పిల్లవాడు తనవాళ్ళ మధ్య కిలో పైగా చక్కెర పంచిపెట్టాలి.

పండ్లలో, పాలలో సహజంగా ఉండేది కాకుండా మనం విడిగా కలిపే చక్కెర, దానితో పాటు తేనె, పండ్ల రసాల్లోని తీపి, ఇవన్నీ కలిసి రోజు మొత్తం శక్తిలో 10 శాతం లోపు ఉండాలనీ, 5 శాతం లోపైతే ఇంకా మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రోజుకు 1,500 క్యాలరీలు అవసరమైన పిల్లవాడికి 5 శాతం అంటే 75 క్యాలరీలు. గ్రాము చక్కెరకు 4 క్యాలరీల చొప్పున అది 19 గ్రాములకు కాస్త తక్కువ. ఒక్క బార్‌తో ఆ కోటా అయిపోయింది.

పళ్ళ సంగతి వేరే ఉంది. నోట్లోని బాక్టీరియా చక్కెరను తిని ఆమ్లాన్ని విడుస్తాయి. పంటి మీద పి.హెచ్. సుమారు 5.5 కన్నా దిగితే ఎనామిల్‌లోని ఖనిజాలు కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి పరిస్థితిని చక్కదిద్దడానికి అరగంటో, అంతకన్నా ఎక్కువో పడుతుంది. అందుకే ఎంత తిన్నామన్నదే కాదు, ఎన్నిసార్లు తిన్నామన్నదీ ముఖ్యం. పీరియడ్‌కీ పీరియడ్‌కీ మధ్య ఓ ముక్క నోట్లో వేసుకునే పిల్లవాడి పళ్ళకు తేరుకునే వ్యవధే దొరకదు.

మెదడు నేర్చుకునే పాఠం

తీపి మీద మక్కువ పుట్టుకతోనే వస్తుంది. ఏ తీపి మీద, ఎప్పుడు, ఎంత అన్నది మాత్రం చుట్టూ ఉన్నవాళ్ళు నేర్పుతారు. పిల్లల ఆహారపు ఇష్టాల మీద జీవితమంతా పరిశోధించిన అమెరికన్ శాస్త్రవేత్త లియాన్ బర్చ్, 1980లో తన సహచరులతో కలిసి ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. పసిపిల్లలకు ఒక చిరుతిండిని బహుమతిగా ఇచ్చినా, పెద్దవాళ్ళు ఆప్యాయంగా పలకరిస్తూ ఇచ్చినా ఆ తిండి మీద వాళ్ళ ఇష్టం పెరిగింది. ప్రయోగం అయిపోయాక కూడా ఆ ఇష్టం కొన్నాళ్ళు నిలిచింది.

బడి చేయించే అమ్మకంలో ఈ రెండూ ఉన్నాయి. టీచరు మెచ్చుకుంటారు, ఎక్కువ అమ్మితే బహుమతి వస్తుంది, అందరూ భుజం తడతారు. ఆ సంతోషమంతా ఒక చాక్లెట్ చుట్టూ అల్లుకుంటుంది. సైన్సు పీరియడ్‌లో సమతులాహారం గురించి చెప్పిన పాఠం కన్నా ఈ పాఠమే బలంగా నాటుకుంటుంది. నా బాధ కూడా ఇదే. మనం పిల్లల చేత ఏం అమ్మిస్తామో అది మంచిదని వాళ్ళు నమ్ముతారు.

చట్టం ఆగిన చోట

అమెరికాలో 2010లో వచ్చిన చట్టాన్ని అనుసరించి 'స్మార్ట్ స్నాక్స్' అనే నిబంధనలు 2014 జులై 1 నుంచి అమలయ్యాయి. బడి వేళల్లో, బడి ఆవరణలో అమ్మే చిరుతిండిలో 200 క్యాలరీలకు మించకూడదు. బరువులో చక్కెర 35 శాతం దాటకూడదు. సగం చక్కెర ఉన్న మన చాక్లెట్ బార్ ఇక్కడే తేలిపోతుంది. అయితే నిధుల సేకరణకు కొన్ని రోజులు మినహాయింపు ఇచ్చుకునే అధికారం రాష్ట్రాలకు వదిలారు. టెక్సాస్ ఏడాదికి ఆరు రోజులు ఇచ్చింది. బడి చివరి గంట కొట్టిన అరగంట తర్వాతా, ఇంటి దగ్గరా జరిగే అమ్మకాలకు ఈ నిబంధన వర్తించదు. మా మేనల్లుడి పెట్టె బల్ల మీదికి వచ్చింది ఆ దారినే. చట్టం ఆగిన చోట తల్లిదండ్రులే పూనుకోవాలి.

ఆ బడిలో పూనుకున్నారు. మరుసటి ఏడు చాక్లెట్లు మానేసి వాకథాన్ పెట్టారు. పిల్లలు మైదానం చుట్టూ నడుస్తారు, పరుగెత్తుతారు. రౌండుకు ఇంత అని బంధువులు మాట ఇస్తారు. ఆ సాయంత్రం మా మేనల్లుడు వీడియో కాల్‌లో వెనక్కి తిరిగి తెల్ల చొక్కా చూపించాడు. రౌండు పూర్తయినప్పుడల్లా ఓ వాలంటీరు వీపు మీద నల్ల మార్కరుతో గీత గీశారట. నేనూ అక్కా లెక్కపెట్టాం, 23 గీతలు. రౌండుకు డాలరు ఇస్తానన్నాను, 23 డాలర్లు పంపాను. నిరుడు నేనిచ్చిన రెండు డాలర్లలో బడికి చేరింది మహా అయితే ఒకటి. ఈసారి తల్లిదండ్రులే అన్నీ చూసుకున్నారు కాబట్టి మార్కర్లు, మంచినీళ్ళ ఖర్చు పోగా మిగిలిందంతా బడిదే.

ఆ 23 రౌండ్లలో వాడి ఒంట్లో జరిగింది ఇంకా విలువైనది. కండరం పని చేసేటప్పుడు గ్లూట్-4 అనే ప్రోటీన్లు కణం లోపలి నుంచి పైపొర మీదికి వచ్చి, రక్తంలోని గ్లూకోజును లోపలికి చేరవేస్తాయి. మామూలుగా ఇందుకు ఇన్సులిన్ కబురు అందాలి. కదిలే కండరం ఆ కబురు కోసం ఆగదు. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఊరికే కాదు.

వాకథాన్‌లోనూ ఒక జాగ్రత్త ఉంది. ఎవరి పేరు మీద ఎంత వచ్చిందో బోర్డు మీద రాయకూడదు. డబ్బిచ్చే బంధువులు లేని పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. పరుగెత్తలేని పిల్లల కోసం రౌండ్లకు బదులు మైదానంలో గడిపిన నిమిషాలు లెక్కపెట్టవచ్చు. చదివిన పుస్తకానికి ఇంత అని పెట్టుకోవచ్చు. పిల్లలే నారు పోసి పెంచిన మొక్కలు అమ్మవచ్చు. తినే వస్తువే అమ్మాలనుకుంటే చలికాలంలో కమలాల పెట్టెలున్నాయి, అమెరికాలో చాలా హైస్కూలు బ్యాండు బృందాలు అవే అమ్ముతాయి. ఒక కమలాపండులో పన్నెండు గ్రాముల దాకా చక్కెర ఉన్నా, అది పీచు మధ్య, నీటితో కలిసి ఉంటుంది. నమిలి తినాలి కాబట్టి రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది.

మన బడి మేళాలో

మన దగ్గరా బడి వార్షికోత్సవానికో, ఆనందమేళాకో స్టాళ్ళు పెట్టి, వచ్చిన డబ్బు మంచి పనికి ఇవ్వడం ఉంది. ఆ స్టాళ్ళలో చిప్స్, కూల్‌డ్రింకులు, నూడుల్సే ఎక్కువ కనిపిస్తాయి. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న పదార్థాలను బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపునా పిల్లలకు అమ్మకూడదని కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లోనే నిబంధనలు తెచ్చింది. ఏ పానీయంలో ఎంత చక్కెర ఉందో పిల్లలకు కనబడేలా బోర్డులు పెట్టమని 2025లో సి.బి.ఎస్.ఇ. తన బడులకు చెప్పింది. గోడ మీద ఆ బోర్డు, దాని కిందే కూల్‌డ్రింకుల స్టాలు ఉంటే పిల్లలు ఏది నమ్మాలి?

బదులుగా పల్లీపట్టీ పెడితే సరిపోతుందనుకోకండి. బెల్లం కూడా చక్కెర లెక్కలోకే వస్తుంది. పల్లీలతో ప్రోటీను వస్తుంది కాబట్టి చిన్న ముక్క మేలే, కానీ రోజంతా అదే నములుతూ ఉంటే పళ్ళ కథ మళ్ళీ మొదటికొస్తుంది. జామకాయ ముక్కలు, కాల్చిన మొక్కజొన్న పొత్తు, ఉప్పు తగ్గించిన పలచటి మజ్జిగ, ఉడికించిన వేరుశనగకాయలు, శనగ గుగ్గిళ్ళు... వీటికి కొనేవాళ్ళు కరువవరు.

గుగ్గిళ్ళ స్టాలు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కిలో శనగలు రాత్రంతా నానితే ఇంచుమించు రెండు కిలోలవుతాయి. ఉడికించి, ఉల్లిపాయ ముక్కలు, నిమ్మరసం కలిపి ఆకు దొన్నెలో పెడితే పెట్టుబడికీ రాబడికీ మధ్య మంచి తేడానే మిగులుతుంది. మీ పిల్లల బడిలో వచ్చే మేళాకి ఆ ఒక్క స్టాలు అడిగి తీసుకోండి. నానబోసే ముందు ఒకసారి, పొద్దున నీళ్ళు వార్చాక ఒకసారి పిల్లల చేతే తూకం వేయించండి. పెరిగిన బరువు ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్ళే చెబుతారు. సాయంత్రం గల్లాపెట్టె లెక్క చూసేది కూడా వాళ్ళే కానివ్వండి.