మీకు తెలుసా? మొరటు ఆటకు పడే శిక్షలు

సంక్రాంతి వస్తే నల్లగొండ, పాలమూరు పల్లెల్లో కబడ్డీ కూత వినిపించాల్సిందే. చెల్క నేల చదును చేసి, సున్నంతో బరి గీసి, ఊరి పేరు మీద జట్లు దిగుతాయి. మోకాళ్లు చెక్కుకుపోవడం, వేళ్లు బెణకడం ఆటలో మామూలే. కావాలని దెబ్బ కొడితే మాత్రం అది నేరం. దానికి ఏ ఆటలో ఏ శిక్ష ఉందో చూద్దాం.

● కబడ్డీలో రిఫరీ జేబులో మూడు కార్డులు ఉంటాయి. గ్రీన్ కార్డు హెచ్చరిక. ఎల్లో కార్డు పడితే రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. రెడ్ కార్డు పడితే ఆ మ్యాచ్‌లో ఇక అడుగు పెట్టేది లేదు. రెండు నిమిషాలే కదా అనుకోవద్దు. మ్యాచ్ మొత్తం 40 నిమిషాలు, జట్టుకు ఏడుగురే. బయటికి పోయినవాడి స్థానంలో ఇంకొకరిని దింపే వీల్లేదు కాబట్టి ఆరుగురితోనే నెట్టుకురావాలి. మూల కాసేవాడే బయట కూర్చుంటే ఎదుటి రైడర్‌కు అటువైపు దారి దొరికినట్టే.

● కూతకు వచ్చినవాడి నోరు మూయడం తప్పు. కూత ఆగితే రైడర్ అవుటవుతాడు కాబట్టి, పట్టు దొరకనివాళ్లు చెయ్యి నోటికి అడ్డం పెట్టేవాళ్లు. గొంతు పిసకడం, రెండు కాళ్ల మధ్య కత్తెరలా ఇరికించి పడేయడం, గాయమయ్యేంత మొరటుగా పట్టడం, జుట్టు, బట్టలు పట్టి లాగడం, అన్నీ నిషేధమే. అలా ఆపితే రైడర్ అవుట్ కాడు. గోళ్లు కత్తిరించుకోకుండా, ఒంటికి నూనె రాసుకుని బరిలోకి దిగకూడదన్నది కూడా నిబంధనే. గోరు గీరుకుంటే కంటికే ప్రమాదం, నూనె రాస్తే పట్టు జారుతుంది.

● ఒక్క గాయం ఆటగాడి ఏడాదిని మింగేస్తుంది. ప్రొ కబడ్డీలో పవన్ సెహ్రావత్ 2022లో తమిళ్ తలైవాస్ తరఫున మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలి సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. మరుసటి ఏడాది వేలంలో అతణ్ని మన తెలుగు టైటాన్స్ 2.605 కోట్ల రూపాయలకు తీసుకుంది. అంత పేరున్నవాడు కాబట్టి నిలదొక్కుకున్నాడు. పల్లె కుర్రాడికి మోకాలు పోతే వైద్యం ఖర్చు ఇంటి మీదే పడుతుంది.

● మన హాకీలో రెడ్ కార్డు ఎంత ఖరీదైందో పారిస్ ఒలింపిక్స్ చూపించింది. 2024 ఆగస్టు 4న బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్. 17వ నిమిషంలో అమిత్ రోహిదాస్ కర్ర ప్రత్యర్థి తలకు తగిలింది. రెడ్ కార్డు చూపారు. మిగిలిన ఆటంతా భారత్ పది మందితోనే ఆడి 1-1తో నిలిచి, షూటౌట్‌లో 4-2తో గెలిచింది. అయినా రోహిదాస్‌కు ఒక మ్యాచ్ నిషేధం తప్పలేదు. హాకీ ఇండియా అప్పీలు చేసినా ఫలితం లేకపోయింది. అతను లేని సెమీఫైనల్‌లో జర్మనీ చేతిలో 2-3తో ఓడాం. ఆ పది మంది పోరాటం మాత్రం మన హాకీ చరిత్రలో నిలిచిపోతుంది.

● క్రికెట్‌లో తగలడం తక్కువ, జరిమానాలు ఎక్కువ. 2025 జులైలో లార్డ్స్ టెస్టులో బెన్ డకెట్‌ను అవుట్ చేసిన సంబరంలో మన హైదరాబాదీ మహ్మద్ సిరాజ్ అతనికి తగిలాడు. మ్యాచ్ ఫీజులో 15 శాతం కోత, ఒక డీమెరిట్ పాయింటు. 24 నెలల్లో అలాంటివి నాలుగు చేరితే సస్పెన్షనే. ఇక నడుముకు పైన నేరుగా దూసుకొచ్చే ఫుల్‌టాస్‌ను అంపైర్ ప్రమాదకరమని తేల్చితే మొదటిసారి హెచ్చరిస్తాడు, రెండోసారి ఆ ఇన్నింగ్స్‌లో బౌలింగ్ నుంచే తప్పిస్తాడు.

● మంచు మీద ఆడే ఐస్ హాకీలో భుజంతో ఢీకొట్టడం ఆటలో భాగమే. తలకు గురిపెట్టి కొడితే మాత్రం తప్పు. అమెరికా, కెనడాల్లో సాగే ఎన్‌హెచ్‌ఎల్ లీగ్ 2010లో దీనికి ప్రత్యేక నిబంధన తెచ్చింది. 2015 అక్టోబరులో రాఫీ టోరెస్ అనే ఆటగాణ్ని ఒక్క దెబ్బకు 41 మ్యాచ్‌లు పక్కనబెట్టారు. అంటే 82 మ్యాచ్‌ల సీజన్‌లో సగం. దాదాపు 4.4 లక్షల డాలర్ల జీతం పోయింది. అతను మళ్లీ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడలేదు. జరిమానాలైతే ఏళ్ల తరబడి 5,000 డాలర్ల దగ్గరే ఆగిపోయేవి. లక్షల్లో సంపాదించేవాళ్లకు అదో లెక్కా? భయం పుట్టించేది ఆటకు దూరం చేసే శిక్షే. ఇలా వసూలైన సొమ్ము కష్టాల్లో ఉన్న ఆటగాళ్లను ఆదుకునే నిధికి వెళ్తుంది.

● దెబ్బలు ఆటగాళ్లకే తగులుతాయనుకోవద్దు. ఉమ్మడి నల్లగొండలో ఉన్న సూర్యాపేటలో 2021 మార్చిలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు మొదలైన రోజే గ్యాలరీ కూలి వందమంది దాకా గాయపడ్డారు. దానికి ఏ కార్డూ లేదు, బాధ్యత నిర్వాహకులదే.

ఈ పండక్కి పోటీలు పెట్టే యువజన సంఘాల తమ్ముళ్లకు ఒక్క మాట. బహుమతుల పక్కన మూడు రంగుల కార్డులు, ఒక ప్రథమ చికిత్స పెట్టె కూడా పెట్టండి. మొరటుగా ఆడినవాడు మీ ఊరివాడైనా సరే, రెండు నిమిషాలు బయట కూర్చోబెట్టండి.