అస్థిర పరమాణువు ఏ కిరణాన్ని విడుస్తుంది? బట్టీ లేకుండా చెప్పే పద్ధతి



ఫిజిక్స్ చెప్పి రిటైరయిన నన్ను మన స్కాలర్‌షిప్ పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, ఏది ఆల్ఫా ఇస్తుందో, ఏది బీటా ఇస్తుందో ఎలా గుర్తుపెట్టుకోవాలి?" అని. నేనూ 12వ తరగతిలో పెద్ద పట్టిక బట్టీ పట్టినవాణ్ణే. పరీక్షలో ఆ పట్టికలో లేని ఐసోటోపు ఇచ్చారు. ఆ మార్కులతో పాటు ఆ ఏడాది స్కాలర్‌షిప్పూ పోయింది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కేంద్రకంలో ప్రోటాన్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. వాటిని విడిపోకుండా పట్టి ఉంచడానికి న్యూట్రాన్లు తోడ్పడతాయి. తేలిక మూలకాల్లో రెండూ దాదాపు సమానంగా ఉంటే చాలు. బరువు మూలకాల్లో ఒక్కో ప్రోటానుకు సుమారు ఒకటిన్నర న్యూట్రాన్లు కావాలి. ఈ లెక్క తప్పిన కేంద్రకం తనను తాను సరిదిద్దుకుంటుంది. ఎటు సరిదిద్దుకోవాలో తెలిస్తే ఏ కిరణం వస్తుందో చెప్పవచ్చు.

1. పరమాణు సంఖ్య 83 దాటితే ముందుగా ఆల్ఫాను అనుమానించండి. ఒడిశాలో ఛత్రపురం తీరపు ఇసుకలో దొరికే మోనజైట్‌లో థోరియం-232 ఉంటుంది. అది 2 ప్రోటాన్లను, 2 న్యూట్రాన్లను కలిపి విడిచి రేడియం-228 అవుతుంది.

2. మిగిలినవాటికి ఆవర్తన పట్టికలోని పరమాణు భారం చూడండి. ఐసోటోపు సంఖ్య దానికంటే ఎక్కువైతే న్యూట్రాన్లు మిగులు. ఒక న్యూట్రాన్ ప్రోటానుగా మారి బీటా కణం వస్తుంది. కార్బన్ భారం 12.01, కాబట్టి కార్బన్-14 బీటా ఇచ్చి నైట్రోజన్-14 అవుతుంది.

3. తక్కువైతే ప్రోటాన్ న్యూట్రానుగా మారుతుంది. పాజిట్రాన్ వస్తుంది, లేదా కేంద్రకమే ఒక ఎలక్ట్రానును లోపలికి లాక్కుంటుంది. పెట్ స్కాన్‌లో వాడే ఫ్లోరిన్-18 పాజిట్రాన్ ఇచ్చి ఆక్సిజన్-18 అవుతుంది.

4. మార్పు జరిగాక ఇంకా శక్తి మిగిలితే అది గామా కిరణంగా పోతుంది. కోబాల్ట్-60 బీటా తర్వాత రెండు గామాలు ఇస్తుంది.

ఈ లెక్క పరీక్షకే కాదు, మా ఇంట్లోనూ పనికొచ్చింది. నా భార్యకు థైరాయిడ్ వైద్యంలో అయోడిన్-131 ఇచ్చారు. చంటి మనవణ్ణి కొన్నాళ్ళు దగ్గరికి తీసుకోవద్దని డాక్టరుగారు చెప్పగానే బంధువులు హడలిపోయారు. నేను నోటుబుక్కు తీశాను. అయోడిన్ భారం 126.9, ఇది 131. అంటే బీటా. అది ఒకటి రెండు మిల్లీమీటర్లలోనే ఆగి, రోగమున్న చోటే పనిచేస్తుంది. వెంట వచ్చే గామా మాత్రం శరీరం దాటి బయటికి వస్తుంది. దూరం అందుకే. పైగా 8 రోజులకొకసారి దాని బలం సగమవుతుంది. కారణం తెలిశాక అందరికీ భయం తగ్గింది, జాగ్రత్త మిగిలింది.

ఒక హెచ్చరిక. ఈ సూత్రాలకు మినహాయింపులున్నాయి. పైన చెప్పిన రేడియం-228 సంఖ్య 88 అయినా బీటాయే ఇస్తుంది. పొటాషియం-40 ఎక్కువసార్లు బీటా ఇచ్చినా, నూటికి సుమారు 11 సార్లు ఎలక్ట్రానును లాక్కుంటుంది. ఇక ఫలానా పరమాణువు ఏ క్షణంలో విచ్ఛిన్నమవుతుందో ఎవరూ చెప్పలేరు.

పిల్లలూ, మీరు కన్నడంలో చదివినా, తమిళంలో చదివినా, ఒడియాలో చదివినా లెక్క ఒక్కటే. సమీకరణం రాశాక రెండు వైపులా పై సంఖ్యల మొత్తం, కింది సంఖ్యల మొత్తం సరిపోయాయో లేదో చూసుకోవడం మరువకండి. మీకందరికీ విజయం కలగాలని కోరుకుంటున్నాను.