ఐసీయూ గదిలో ఆక్సిజన్ లెక్క

2020 ఆగస్టులో అహ్మదాబాద్‌లోని ఒక కోవిడ్ ఆస్పత్రి ఐసీయూలో మంటలు చెలరేగి 8 మంది రోగులు చనిపోయారు. 2021 ఏప్రిల్‌లో ముంబై దగ్గర విరార్‌లో అలాంటిదే మరో ప్రమాదం పది మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆస్పత్రుల్లో నిప్పు ఎక్కువగా ఏ వైరులోనో, ఏసీలోనో పుడుతుంది. అలాంటి నిప్పురవ్వలు మన ఇళ్లలోనూ లేస్తుంటాయి. చాలాసార్లు కాస్త మాడిన వాసనతోనే పోతాయి. గదిలో ఆక్సిజన్ ఎక్కువగా ఉంటే మాత్రం అదే రవ్వ భగ్గుమంటుంది.

మండడం ఒక రసాయన చర్య. దుప్పటో, ప్లాస్టిక్ గొట్టమో ఒక క్రియాజనకం, ఆక్సిజన్ రెండోది. క్రియాజనకాల గాఢతకూ చర్యకూ ఉన్న సంబంధాన్ని 1864లో నార్వే శాస్త్రవేత్తలు గుల్బర్గ్, వాగె సూత్రంగా చెప్పారు. అణువులు ఢీకొంటేనే చర్య జరుగుతుంది. అంతే చోటులో అణువులు పెరిగితే ఢీకొనడాలూ పెరుగుతాయి. మంట విషయంలో ఇంకో చిక్కుంది. గాలిలో 78 శాతం ఉండే నైట్రోజన్ మండదు, పైగా మంట వేడిలో కొంత తాను లాగేసుకుంటుంది. ఆక్సిజన్ పెరిగిన కొద్దీ ఆ అడ్డు తగ్గి, మంట మరింత వేడెక్కుతుంది. ఆ వేడికి చర్య ఇంకా వేగం అందుకుంటుంది.

1967 జనవరి 27న అపోలో 1 సన్నాహక పరీక్షలో క్యాబిన్ నిండా స్వచ్ఛమైన ఆక్సిజనే ఉంది. అంటే మామూలు గాలిలో ఉండేదానికి దాదాపు ఐదు రెట్ల గాఢత. మంట పుట్టాక ముగ్గురు వ్యోమగాములూ బయటపడలేకపోయారు. తర్వాత నాసా ప్రయోగ వేదిక మీద క్యాబిన్‌లో 60 శాతం ఆక్సిజన్, 40 శాతం నైట్రోజన్ మిశ్రమానికి మారింది.

ఇప్పుడు ఐసీయూకి వద్దాం. విశ్రాంతిలో ఉన్న మనిషి ఒంటికి నిమిషానికి పట్టేది దాదాపు పావు లీటరు ఆక్సిజన్. ముక్కుకు పెట్టే హై ఫ్లో గొట్టం నిమిషానికి 60 లీటర్ల దాకా వదలగలదు. మిగిలిందంతా గదిలోకే!

పది మంచాలు, ఒక్కోదానికి 50 లీటర్లు అనుకుందాం. గంటకు 30 ఘనపు మీటర్లు. గది 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. బయటి గాలి అసలు రాకపోతే 21 శాతం ఆక్సిజన్ దాదాపు 20 నిమిషాల్లో 23.5కి చేరుతుంది. భద్రతా ప్రమాణాలు ప్రమాదకరంగా లెక్కించే గీత అదే. గంటకల్లా 28 దాటుతుంది. గంటకు ఆరుసార్లు గది గాలంతా మారేలా బయటి గాలి పంపితే మాత్రం 22.3 దగ్గరే ఆగిపోతుంది. ఇది కాగితం మీద లెక్కే. మంచం పక్కన, ముసుగుల కింద గాఢత ఇంతకంటే చాలా ఎక్కువ ఉండొచ్చు.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలి తేదు, గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. హోటల్ గదినో, హాలునో హడావిడిగా వార్డుగా మార్చి, కిటికీలు మూసి, ఏసీ బిగిస్తే గది చల్లగానే ఉంటుంది. ఆక్సిజన్ మాత్రం పేరుకుంటూ పోతుంది.

దుప్పట్లు, బట్టలు, జుట్టు కూడా ఆక్సిజన్‌ను కాసేపు పట్టి ఉంచుతాయి. మాస్కు తీసి, వాల్వు కట్టకుండా దిండు మీద పెట్టడం అందుకే మంచిది కాదు. ఇంట్లో కాన్సంట్రేటర్ వాడేవాళ్లూ అంతే: అది నడుస్తుండగా ఆ గదిలో అగరొత్తి, దీపం, సిగరెట్ ఏదీ వెలిగించకూడదు. సిలిండర్ వాల్వు బిగుసుకుందని నూనె చుక్క వేయడం మరీ ప్రమాదం. అక్కడ ఆక్సిజన్ గాఢత ఎంతంటే, ఆ నూనె రవ్వ కూడా అవసరం లేకుండానే అంటుకోవచ్చు.