విదేశపు సంతలో నేర్చిన పాఠము

మన పల్లెల యువకులు ఎండు మిరప, పచ్చళ్ళు, చేనేత వస్త్రములు మున్నగు సరకులను విదేశములకు పంపవలెనని ఉత్సాహపడుచున్నారు. అట్టివారు పంచాయతీ సభ్యులను కలిసినప్పుడు మొదట ప్రస్తావించునది పెట్టుబడియే. అది అవసరమే. కాని పొరపాటునుండి త్వరగా నేర్చుకొననిదే పరదేశములో సరకు నిలువదు. ఇందుకు జపాను దేశపు హోండా సంస్థ చరిత్రను చూతము.

1948లో స్థాపింపబడిన ఈ సంస్థ 1959 జూనులో అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరమున శాఖను తెరచెను. ఉద్యోగులు ఎనిమిదిమంది. విదేశీ మారకద్రవ్యమునకు కరవుగా నున్న జపాను ప్రభుత్వము 2,50,000 డాలర్ల పెట్టుబడికి అనుమతించి, అందు నగదుగా 1,10,000 డాలర్లే తీసికొనిపోనిచ్చెను. అమెరికావారికి పెద్ద బండ్లయందే మక్కువ యని తలచి, సంస్థవారు 250, 305 సి.సి. మోటారు సైకిళ్ళపై ఆశ పెట్టుకొనిరి.

మరుసటి యేడు ఆ బండ్లు చెడిపోసాగినవి. నూనె కారుచుండెను, క్లచ్చి పాడగుచుండెను. జపానులో కన్న అమెరికాలో జనులు ఎక్కువ దూరము, ఎక్కువ వేగముతో బండి నడుపుదురు. కార్ఖానావారు ఈ సంగతి ఊహింపలేదు. ఉన్న కొద్ది నగదును వెచ్చించి చెడిన బండ్లను విమానములో జపానుకు పంపగా, అచ్చటి ఇంజనీర్లు అమెరికా వాడకము ననుసరించి పరీక్షించి, నెల తిరుగకుండ గ్యాస్కెట్టును, క్లచ్చి స్ప్రింగును మార్చిరి. నడుపుట మీకు చేతకాదని కొనుగోలుదారునే నిందించియుండిన కథ అంతటితో ముగిసెడిది.

ఇంతలో మరియొక చిత్రము జరిగినది. ఉద్యోగులు ఊరిలో పనులకు 50 సి.సి. సూపర్ కబ్ బండ్లపై తిరుగుచుండిరి. వానిని అమ్మిన చులకనయగుదుమని అంతవరకు వారి శంక. కాని చూచినవారు ఆ బండ్లను గూర్చియే విచారింపసాగిరి. పెద్ద బండ్లు మొరాయించుటతో చిన్నవానినే అమ్మకమునకు పెట్టిరి, అవియే నిలబెట్టినవి. కొత్త సంస్థకు పాత అలవాట్లు తక్కువ గనుక దారి మార్చుట సులభము. (పట్టిన పట్టు విడువనివారు మన ఊళ్ళలోను లేకపోలేదు.)

ఇక మన మిరప సంగతి. తేమనేలపై ఆరబోసిన కాయకు బూజు పట్టి అఫ్లటాక్సిన్ అను విషము పుట్టవచ్చును. ఐరోపా దేశములు దానికి పరిమితి విధించినవి. మించిన సరకు తిరిగి వచ్చును. అప్పుడు పరీక్షా నివేదిక వర్తకుని పెట్టెలో ఉండిపోక, కాయ ఆరబోసిన రైతునొద్దకు చేరవలెను. ఆ నివేదికను గ్రామసభలో చదివించి, సిమెంటు కల్లముల నిర్మాణమును ఆ యేటి పనులలో చేర్చుట సభ్యులు చేయదగిన పని.