నిద్రమాత్ర కావాలా? షాపుకు పోయే ముందు ఈ లెక్క చూసుకోండి

“అన్నా, రెండు రోజులుగా నిద్ర పట్టలేదు, ఒక మాత్ర ఇయ్యి.” ప్రొద్దుటూరులో కానీ, జమ్మలమడుగులో కానీ, పులివెందులలో కానీ మందుల షాపు దగ్గర ఈ మాట కొత్త కాదు. తలనొప్పి మాత్ర అడిగినంత తేలిగ్గా అడిగేస్తాం. పక్కింటివాళ్ళు వాడే మాత్రలో సగం విరిచి వేసుకునేవాళ్ళూ ఉన్నారు. కానీ నిద్రమాత్రలన్నీ ఒకటి కావు. ఒకటి మూడు గంటల్లో సగం దిగిపోతే, ఇంకొకటి మరుసటి రాత్రి వరకూ ఒంట్లోనే ఉంటుంది. ఈ తేడా తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్ళకే ముందు ప్రమాదం.

ముందు కారణం వెతకండి

నెలకు నాలుగైదు రాత్రులు నిద్ర పట్టకపోవడం జబ్బు కాదు. పెళ్ళి ఖర్చులు, అప్పు, పిల్లల పరీక్షలు, మే నెల ఎండకు రాత్రంతా వేడెక్కిన మిద్దె ఇల్లు, ఇవన్నీ నిద్ర చెడగొడతాయి. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలలో షిఫ్టు చేసేవాళ్ళ ఒంటికి పగలేదో రాత్రేదో తెలియదు. కువైట్‌లో ఉన్న కొడుకు అక్కడ రాత్రి తొమ్మిదిన్నరకు పని ముగించుకుని ఫోన్ చేస్తే, ఇక్కడ సరిగ్గా పన్నెండు. ఆ ఫోన్ కోసం మేలుకునే అమ్మకు కావాల్సింది మాత్ర కాదు, ఫోన్ టైము మార్చుకోవడం.

వాడే మందులే కారణం కావచ్చు. బీపీకి ఇచ్చే ఒంటికి పోయించే మాత్ర సాయంత్రం వేసుకుంటే రాత్రి నాలుగుసార్లు లేవాల్సి వస్తుంది. ఆయాసానికి, కీళ్ళనొప్పులకు వాడే స్టెరాయిడ్ మాత్ర రాత్రి వేసుకున్నా నిద్ర రాదు. ఏ మందు ఏ పూట వేసుకోవాలో డాక్టర్‌ను అడిగితే చాలాసార్లు సమస్య అక్కడే తీరిపోతుంది.

ఏ మాత్ర ఏం చేస్తుంది?

ఆల్ప్రజోలం, డయాజెపాం, క్లోనజెపాం: ఇవి ఒకే కుటుంబం. ఆల్ప్రజోలం అసలు ఆందోళనకు ఇచ్చే మందు. నిద్ర తెప్పిస్తుంది, నిజమే. కానీ కొన్ని వారాలు వరుసగా వాడితే ఒళ్ళు దానికి అలవాటు పడుతుంది. ఒక్కసారిగా ఆపితే చేతులు వణకడం, గుండె దడ, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. అందుకే ఎన్నాళ్ళుగానో వాడుతున్నవాళ్ళు ఈ వ్యాసం చదివి రేపే మానేయకూడదు. డాక్టర్ చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి.

జోల్పిడెం: త్వరగా పని చేసి త్వరగా దిగిపోతుంది. అప్పుడప్పుడు వచ్చే నిద్రలేమికి డాక్టర్లు కొద్ది రోజులకు రాసేది ఎక్కువగా ఇదే. ఆడవాళ్ళ ఒంట్లో ఇది నెమ్మదిగా కరుగుతుందని 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ వాళ్ళకు మొదటి మోతాదును 10 మిల్లీగ్రాముల నుంచి 5కు తగ్గించింది. నిద్రలోనే లేచి నడవడం, బండి నడపడం లాంటివి జరుగుతున్నాయని 2019లో గట్టి హెచ్చరిక కూడా పెట్టింది.

అవిల్, ఫెనర్గాన్ లాంటి అలర్జీ మాత్రలు: మత్తు వీటి సైడ్ ఎఫెక్టు, అసలు పని కాదు. కొద్ది రోజులకే ఆ మత్తు కూడా పని చేయదు. పెద్దవాళ్ళకు నోరు ఎండడం, ఒంటికి ఆగిపోవడం, మలబద్ధకం, తికమక వస్తాయి.

మెలటోనిన్: మన ఒళ్ళే చీకటి పడ్డాక తయారుచేసుకునే హార్మోను. విమాన ప్రయాణం వల్ల, షిఫ్టుల వల్ల ఒంటి గడియారం తప్పినప్పుడు కొంత పని చేస్తుంది. బెంగతో పోయిన నిద్రను తీసుకురాదు. 2017లో కెనడాలో 31 రకాల మెలటోనిన్ ఉత్పత్తులను పరీక్షిస్తే, డబ్బా మీద రాసినదాని కంటే బాగా తక్కువ ఉన్నవీ, నాలుగు రెట్లకు పైగా ఎక్కువ ఉన్నవీ బయటపడ్డాయి.

ఫజర్ లెక్క

ఈ లెక్క మన ఇళ్ళలో ప్రత్యేకంగా చూసుకోవాలి. జోల్పిడెం వేసుకుంటే ఏడెనిమిది గంటలు పడుకునే సమయం ఉండాలి. రాత్రి పన్నెండుకు వేసుకుని, నాలుగున్నరకో ఐదుకో ఫజర్‌కు లేస్తే మందు ఇంకా ఒంట్లోనే ఉంటుంది. ఆ మత్తులో దాదీ వజూ కోసం తడి బండల మీద అడుగు వేస్తే? తుంటి ఎముక విరిగితే నెలల తరబడి మంచమే. డయాజెపాం అయితే ఇంకా కష్టం. అందులో సగం దిగడానికే ఒక రోజు, కొందరికి రెండు రోజులు పడుతుంది. రోజూ వేసుకుంటే ఒకదాని మీద ఒకటి పేరుకుంటుంది. 65 ఏళ్ళు దాటినవాళ్ళకు ఈ మాత్రలు వీలైనంత వరకు వద్దని వైద్యులు అనేది ఇందుకే.

రంజాన్‌లో తరావీహ్ అయ్యి ఇల్లు చేరి మళ్ళీ సహరీకి లేచే మధ్యలో దొరికేది ఐదారు గంటలే. ఆ వ్యవధికి ఈ మాత్రలు పనికిరావు. జొహర్ తర్వాత అరగంట కునుకు మేలు.

వీళ్ళు సొంతంగా అసలు ముట్టకూడదు

గట్టిగా గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగేవాళ్ళు, ఆయాసం ఉన్నవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, లివర్ జబ్బు ఉన్నవాళ్ళు, తెల్లవారుజామున ఆటో, లారీ నడిపేవాళ్ళు. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రతో గానీ, మద్యంతో గానీ నిద్రమాత్ర కలిస్తే శ్వాస మందగించి ప్రాణం మీదకు వస్తుంది.

చట్టం, ప్రయాణం

2014 మార్చి 1 నుంచి ఆల్ప్రజోలం, డయాజెపాం, జోల్పిడెం షెడ్యూల్ హెచ్1 కింద ఉన్నాయి. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. కొన్నవాళ్ళ పేరు, రాసిన డాక్టర్ పేరు, ఎన్ని మాత్రలు ఇచ్చారో షాపువాళ్ళు రిజిస్టరులో రాసి మూడేళ్ళు ఉంచాలి. చీటీ అడిగే షాపాయన మీద కోప్పడకండి. ఆయన మన మంచికే అడుగుతున్నాడు.

గల్ఫ్‌కు, ఉమ్రాకు పోయేవాళ్ళు ఇంకా జాగ్రత్త. అక్కడ ఇవి నియంత్రిత మందులు. సౌదీ, ఎమిరేట్స్‌కు తీసుకుపోవాలంటే ముందే ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి. “మా వాడికి ఇవ్వు” అని ఎవరో ఇచ్చిన మాత్రల పొట్లం బ్యాగులో పెట్టుకుంటే ఎయిర్‌పోర్టులో పట్టుబడేది మీరే.

మరి ఏం చేయాలి?

రాత్రి ఎప్పుడు పడుకున్నా ఉదయం ఒకే టైముకు లేవండి. టీ తాగాక ఐదారు గంటలైనా అందులోని కెఫీన్ సగం ఒంట్లోనే ఉంటుంది కాబట్టి అసర్ తర్వాత టీ మానేయండి. ఇరవై నిమిషాలకు నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకుండా లేచి, మసక వెలుతురులో కూర్చుని, నిద్ర ముంచుకొచ్చాకే మళ్ళీ పడుకోండి. ఫోన్ పక్క గదిలో పెట్టండి.

డాక్టర్ మాత్ర రాస్తే మూడు ప్రశ్నలు అడగండి: ఎన్ని రోజులు? పొద్దున ఎన్నింటికి లేవొచ్చు? ఎలా ఆపాలి?

వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలుగా నిద్ర లేకపోతే అది అప్పుడప్పుడు వచ్చే నిద్రలేమి కాదు. దానికి మాత్రల కంటే ముందు, నిద్ర అలవాట్లను, ఆలోచనలను సరిచేసే కౌన్సెలింగ్‌తో మొదలుపెట్టాలని 2016లో అమెరికా వైద్యుల సంఘం ఒకటి సిఫారసు చేసింది. దిగులు, బతకాలని లేదన్న ఆలోచన తోడైతే ఒక్క రోజు కూడా ఆగొద్దు. టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.