చెవి మీ జేబులోనే ఉందా?

వైరింగ్ బాగుచేయడానికొచ్చిన పాతతరం ఎలక్ట్రీషియన్‌ని గమనించారా? మెయిన్ కట్టేసి ఊరుకోడు. ఫ్యూజు పీకి జేబులో వేసుకుంటాడు. తను తీగ పట్టుకుని ఉండగా 'కరెంటు పోయిందేంటి' అంటూ ఎవరో వచ్చి స్విచ్ వేసేస్తారని భయం.

ఫ్యాక్టరీల్లో ఇదే జాగ్రత్తకి 'లాకౌట్-ట్యాగౌట్' అని పేరు. ప్రెస్సుకో, కన్వేయర్ బెల్టుకో రిపేరొస్తే మెయిన్ స్విచ్ ఆపి తాళం వేస్తారు. పేరు రాసిన అట్ట తగిలిస్తారు. నలుగురు పనిచేస్తుంటే నాలుగు తాళాలు. ఎవరి చెవి వారి దగ్గరే. ముగ్గురు బయటికొచ్చి తాళాలు తీసేసినా, నాలుగో మనిషి వచ్చేదాకా మిషన్ తిరగదు. ఉత్త అట్ట చాలదా అంటే... అట్ట చెప్పగలదు, ఆపలేదు.

అసలు చిక్కు ఆ తర్వాతే. కరెంటు ఆగినా పైకెత్తిన ప్రెస్సు బరువు, హైడ్రాలిక్ గొట్టాల్లో ఒత్తిడి, బిగుసుకున్న స్ప్రింగు, కెపాసిటర్‌లో మిగిలిన విద్యుత్తు అలాగే ఉంటాయి. అవన్నీ వదిలించాలి. బరువుకి దన్ను పెట్టాలి. దగ్గర ఎవరూ లేరని చూసి స్టార్ట్ బటన్ నొక్కాలి. కదల్లేదా, అప్పుడే చెయ్యి లోపల పెట్టేది!

అమెరికా 1989లో దీన్ని నిబంధన చేసింది. ఏటా సుమారు 120 మరణాలు, 50,000 గాయాలు తప్పుతాయని అక్కడి కార్మిక భద్రతా సంస్థ ఓషా అంచనా. మన 1948 ఫ్యాక్టరీల చట్టానికి 1976లో చేసిన సవరణ కూడా, పొరపాటున ఆన్ అయ్యే స్విచ్‌లకి తాళం ఏర్పాటు ఉండాలంది.

అయినా ఇరుక్కున్న ముక్క తీయడానికి 'రెండు నిమిషాల పనే కదా' అని తాళం మానేస్తుంటారు. మీ ఇంట్లో మిల్లుకో ఫ్యాక్టరీకో వెళ్లేవాళ్లుంటే ఈ రాత్రి భోజనాల దగ్గర అడగండి... తాళం ఇచ్చారా, చెవి ఎవరి దగ్గరుంటుంది అని.